పాలివారు

లూకా సువార్త ఐదో అధ్యాయంలో ఒక చేపల వేట ఉంది. రాత్రంతా వల వేసినా ఏమీ పడని సీమోనుకు పొద్దున వల చిరిగేంత చేప పడింది. అప్పుడతను ముందుగా చేసిన పని పక్క దోనెలో ఉన్నవాళ్ళకు సైగ చేయడం. వాళ్ళు వచ్చి చెయ్యి వేశారు. రెండు దోనెలూ మునిగేటంతగా నిండాయి. సీమోనుతో కలిసి వేట చేసే జెబెదయి కొడుకుల్ని అక్కడ మన తెలుగు బైబిలు 'పాలివారు' అంటుంది. ఆ మాట వెనక ఉన్న గ్రీకు పదమూ, 'కొయినోనియా' అనే పదమూ ఒకే కుదురులోవి. ఆ కొయినోనియాను మన అనువాదకులు అపొస్తలుల కార్యాల రెండో అధ్యాయంలో 'సహవాసం' అన్నారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో రొట్టె, పాత్రల ప్రస్తావన వచ్చినప్పుడు 'పాలుపుచ్చుకోవడం' అన్నారు. మాసిదోనియ, అకయ సంఘాలు యెరూషలేములోని బీదల కోసం సొమ్ము పోగుచేసిన సందర్భంలో, రోమా పత్రికలో, 'చందా' అన్నారు. సందర్భాన్ని బట్టి అన్నీ సరైన మాటలే. అయితే ఒక్క కుదురులోంచి వచ్చినవి ఇన్నిగా విడిపోయేసరికి వాటి చుట్టరికం మన చెవికి అందకుండా పోయింది. సహవాసం అనగానే మనకు ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పుకునే వందనాలు, ఇంటి కూటంలో పాట, చివర్లో టీ గుర్తొస్తాయి. పాలు, వంతు, చందా, మునిగేలా ఉన్న దోనె గుర్తురావు. విశ్వాసుల దగ్గరితనానికి విలువంతా ఆ మరిచిపోయిన అర్థంలోనే ఉందని నా నమ్మకం. ఎదుటివాడి రాబడిలోనే కాదు, నష్టంలో కూడా నాకు వంతు ఉందని ఒప్పుకోవడమే సహవాసం. అది లేని చోట విశ్వాసం ఎంత గొప్పగా పాడినా ఒంటిచేతి వేటలాగే మిగిలిపోతుంది.

'పాలివాడు' అన్న మాటకు తెలుగువాళ్ళకు మరో అర్థమూ తెలుసు. దాయాదిని పాలివాడంటాం. పొలం గట్టు దగ్గర తగువు పెట్టుకునేది అతనే, ఇంట్లో చావు జరిగితే మైల పట్టేదీ అతనికే. అతన్ని మనం ఎంచుకోలేదు, పుట్టుకతో వచ్చాడు. స్నేహితుణ్ణయితే ఎంచుకుంటాం, కుదరకపోతే మెల్లగా దూరమవుతాం. సంఘంలో పక్కన కూర్చున్నవాడు ఈ రెండో రకం మనిషి కాడు. అతని మాటతీరు నచ్చకపోవచ్చు, అతని ప్రార్థన మరీ పొడుగనిపించవచ్చు, అయినా అతన్ని అక్కడ కూర్చోబెట్టింది మనం కాదు. క్రైస్తవ సహవాసం స్నేహం కంటే కష్టమైనదీ, స్నేహం కంటే లోతైనదీ కావడానికి కారణం ఇదేననుకుంటాను. స్నేహం నాలాంటివాణ్ణి నాకిస్తుంది. సంఘం నాలాగా లేనివాణ్ణి నా పాలివాణ్ణి చేస్తుంది.

కొత్త నిబంధన పత్రికల్లో విశ్వాసులకిచ్చిన ఆజ్ఞల్ని ఒకసారి వరసగా చూడండి. ఒకరి భారాలు ఒకరు మొయ్యాలి, ఒకరినొకరు క్షమించాలి, ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకోవాలి, ఒకరికోసం ఒకరు ప్రార్థించాలి. యోహాను సువార్తలోనైతే ఒకరి పాదాలు ఒకరు కడగాలి. వీటిలో ఒక్కటి కూడా ఏకాంతంలో నెరవేరేది కాదు. వెయ్యిమంది కూర్చున్న హాల్లో, వేదిక వైపు ముఖాలు తిప్పుకుని ఉన్నప్పుడు కూడా నెరవేరదు. ఎవరి భారం ఏమిటో తెలియాలంటే అతని వంటింటి దాకా వెళ్ళినంత చనువుండాలి. ఆదిమ సంఘాలు ఇళ్ళలో కూడాయన్నది అందుకే ముఖ్యమైన సంగతి. అకుల ప్రిస్కిల్లల ఇల్లు, నుంఫా ఇల్లు, ఫిలేమోను ఇల్లు అని పౌలు పేర్లు చెబుతాడు. రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఇరవైమందికి పైగా మనుషుల్ని పేరుపేరునా పలకరిస్తాడు. ఒకామెను తనకు కూడా తల్లి అంటాడు. కృపను గురించి, ధర్మశాస్త్రాన్ని గురించి పదిహేను అధ్యాయాలు రాసినవాడి ఉత్తరం చివరికి పలానావాళ్ళకు వందనాలు చెప్పండి అనే మాటల్లోకి వచ్చి ఆగడం నాకు ఎప్పుడు చదివినా అబ్బురంగానే ఉంటుంది. ఆ సిద్ధాంతమంతా ఈ పేర్ల కోసమే రాశాడా అనిపిస్తుంది.

ఇది లోపలివాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్నది. బయటివాడి సాక్ష్యం కూడా ఒకటుంది. పేతురు తన మొదటి పత్రికను ఏ ప్రాంతాలవాళ్ళకు రాశాడో వాటిలో పొంతు, బితూనియ ఉన్నాయి. క్రీ.శ. 112 ప్రాంతంలో అక్కడ రోమా అధిపతిగా ఉన్న ప్లినీ, క్రైస్తవులను ఏం చేయాలో తోచక త్రాజను చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. వాళ్ళు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడతారనీ, క్రీస్తును దేవుడిగా కీర్తిస్తూ పాడతారనీ, దొంగతనం, వ్యభిచారం, మాట తప్పడం చేయబోమని ఒట్టు పెట్టుకుంటారనీ, వెళ్ళిపోయి మళ్ళీ వచ్చి మామూలు భోజనం కలిసి చేస్తారనీ అందులో ఉంది. నిజం రాబట్టడానికి ఇద్దరు దాసీ స్త్రీలను హింసింపజేశానని కూడా రాశాడు. ఆ ఇద్దరూ సంఘంలో పరిచారకులు. ప్లినీ దృష్టిలో దాసి హింస పెట్టి మాట రాబట్టదగిన మనిషి. సంఘానికి ఆమె బాధ్యత మోసే సోదరి. అతను వెతికింది కుట్ర కోసం, చేతికి దొరికింది కలిసి పాడటం, కలిసి ఒట్టు పెట్టుకోవడం, కలిసి తినడం. అన్నింటికంటే నాకు విలువైనదిగా కనిపించేది ఆ ఒట్టు. పొద్దున ఎవరి ముందు ఒట్టు పెట్టాడో మళ్ళీ కూడినప్పుడు వాళ్ళ పక్కనే కూర్చుని అన్నం తినాలి. మధ్యలో గడిచిన వేళకు అంతకంటే మంచి కాపలా ఏముంటుంది?

దేవుడికీ నాకూ మధ్య ఇంకొకరెందుకు అని అడిగేవాళ్ళున్నారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యలేం. యేసు కూడా కొండలెక్కి ఒంటరిగా ప్రార్థించాడు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఐగుప్తు ఎడారుల్లోకి వెళ్ళిన తపస్వులు లోకాన్ని ఏమాత్రం మోసం చేసినవాళ్ళు కారు. అయితే ఆ ఒంటరి జీవితాన్ని దగ్గరగా చూసినవాడే, నాలుగో శతాబ్దంలో కప్పదొకియలోని కైసరయకు బిషప్పైన బేసిల్, దానిమీద ఒక గట్టి ప్రశ్న వేశాడు. ఒంటరిగా బతికేవాడు ఎవరి పాదాలు కడుగుతాడు? అతని తప్పు అతనికి ఎవరు చూపిస్తారు? తనకు ఓర్పు ఉందని అతనికెలా తెలుస్తుంది, ఓర్పును పరీక్షించేవాడే దగ్గర లేనప్పుడు? బేసిల్ వాదనకు నా తరఫున కలపాల్సింది ఒక్కటే. తలుపు వేసుకున్న గదిలో దేవుడు నాకు చెప్పినవన్నీ నాకు నచ్చినవే అయితే, అక్కడ మాట్లాడింది దేవుడేనా నేనేనా అని తేల్చుకోవడానికి నాకు ఇంకొక మనిషి కావాలి. ఏకాంతం సహవాసానికి శత్రువు కాదు. అక్కడ విన్నదాన్ని నలుగురి దగ్గరికి తెచ్చుకోవాలి, నలుగురిలో విన్నదాన్ని అక్కడికి తీసుకెళ్ళాలి. రెండింటి మధ్యా దారి తెరిచే ఉండాలి.

దగ్గరితనం పెద్ద పెద్ద ఆలోచనల్లోంచి పుడుతుందనుకుంటాం. చరిత్రలో అది చాలాసార్లు అప్పుల్లోంచీ కరువుల్లోంచీ పుట్టింది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ అనుచరులకు మందిరం కట్టిన అప్పు తీర్చాల్సి వచ్చింది. ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని ఒకరు సూచించారు. ఇవ్వలేని బీదలున్నారని ఇంకొకరన్నారు. అయితే ఆ బీదవాళ్ళను నా లెక్కలో వెయ్యండి, వాళ్ళివ్వలేనిది నేనిస్తాను అని మొదటతను ఒప్పుకున్నాడు. అలా పన్నెండేసి మందిని గుంపులు చేసి, ఒక్కో గుంపును అందులోనే ఒకరికి అప్పగించారు. ఆ ఇళ్ళన్నిటికీ వారం వారం పెన్నీ కోసం వెళ్ళినవాడికి పెన్నీతో పాటు ఇంకా చాలా కనబడింది. ఒక ఇంట్లో తాగుడు, ఒక ఇంట్లో జబ్బు, ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. ఇన్నాళ్ళూ తనకు లేనిదేమిటో వెస్లీకి అప్పుడర్థమైంది. వసూలు బృందాలే 'క్లాస్ మీటింగు'లయ్యాయి. మనిషికి వారానికొకసారి, నీ ప్రాణం ఎలా ఉంది అని అడిగే పదకొండుమంది దొరికారు. బహిరంగ ప్రదేశాల్లో వేలమందికి బోధించిన ఉద్యమం తరాలపాటు నిలవడానికి ఆ బోధలకంటే ఈ పన్నెండేసి మందే ఎక్కువ కారణమని నేననుకుంటాను. చందా అన్నా సహవాసమన్నా ఒకే మాటని గ్రీకు తెలిసిన వెస్లీకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా దాన్ని అతనికి నేర్పింది అప్పు.

మన నేలమీద ఇలాంటిదే ఇంకా పెద్దగా జరిగింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని కల్పించాడు. అన్నం కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె చెప్పి అక్కడితో ఆగిపోవడం మనకు అలవాటు. ఆ తర్వాత సంగతి ఆలోచించాలి. అంతమందిని ఒక దొర పేరుపెట్టి గుర్తుంచుకోవడం అయ్యే పని కాదు. ఆ విశ్వాసాన్ని నిలబెట్టింది పల్లెల్లోని చిన్న చిన్న గుంపులు, తెలుగు బోధకులు, ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీలు. అసలు అది పాకింది కూడా చుట్టరికాల దారినే. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారి. అతను తన వాళ్ళున్న ఊళ్ళు తిరిగి వాళ్ళ మధ్య మాట్లాడాడు. గుంపుగా వచ్చినవాళ్ళది నిజమైన విశ్వాసం కాదని, ఒక్కొక్కరుగా ఆలోచించి వచ్చినదే నిజమనీ అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఈ మాట ఒక్కొక్కరుగా బతకగలిగినవాళ్ళ మాట. ఊరి చెరువు నీళ్ళు కూడా ముట్టనివ్వని చోట, పల్లె పల్లెగా బతికితేనే బతుకు. అలాంటివాళ్ళు విశ్వాసాన్ని కూడా కలిసే పట్టుకున్నారు. నాకందులో లోపమేమీ కనిపించదు.

అయితే గుంపుగా రావడంతో ఒక పెద్ద ప్రమాదం కూడా వచ్చింది. దాన్ని దాచిపెట్టి సహవాసాన్ని పొగడటం తప్పు. పల్లె కులంతో పాటు వచ్చింది. ఒకే ఊళ్ళో మాల సంఘం ఒకచోట, మాదిగ సంఘం ఇంకోచోట ఉండటం మనందరికీ తెలుసు. ఒకే బైబిలు చదివి, ఒకే కీర్తన పాడి, పెళ్ళిసంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడిగే కుటుంబాలు ఎన్నో. కాబట్టి దగ్గరితనమంటే చివరికి మనవాళ్ళతో మనం ముడుచుకోవడమే కదా అన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. దీనికి బైబిలు ఇచ్చే జవాబు నిజాయితీగా ఉంటుంది, ఎందుకంటే ఆ జబ్బును అది మొదటి తరంలోనే ఒప్పుకుంది. ఆదిమ సంఘంలో వచ్చిన మొదటి సణుగుడు అన్నం దగ్గరే. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకు రోజూ పెట్టే భోజనంలో అన్యాయం జరుగుతోందన్నారు. దాన్ని సరిదిద్దడానికి ఎన్నుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే, ఎవరికి తక్కువైందో ఆ పక్షం చేతికే గరిట ఇచ్చారన్నమాట. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే పంక్తి నుంచి లేచి వెనక్కి తగ్గాడు. పౌలు అతన్ని అందరి ముందూ నిలదీశాడు. కొరింథులో ఉన్నవాళ్ళు ముందే తినేస్తే లేనివాళ్ళు ఆకలితో మిగిలారు. ఇది ప్రభువు బల్లే కాదని పౌలు తేల్చిచెప్పాడు. మూడు తగువులూ విస్తరి దగ్గరే. సహపంక్తి అన్న మాట ఎంత బరువైనదో తెలిసిన తెలుగువాడికి ఈ మూడు కథలకూ వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఈ సంగతిని ప్రపంచం ముందు చెప్పినవాడు మన ప్రాంతంతో ముడిపడినవాడే. తిరునెల్వేలి నుంచి దోర్నకల్‌కు సేవకు వచ్చిన వి.ఎస్. అజరయ్య, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో మాట్లాడుతూ విదేశీ మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెప్పి, ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు కావాల్సింది ప్రేమ, స్నేహితుల్నివ్వండి అన్న అర్థంలో ముగించాడు. సభలో చాలామందికి అది నచ్చలేదు. రెండేళ్ళకు ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయ్యాడు. ఆ ప్రసంగాన్ని దొరలమీద ఫిర్యాదుగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. డబ్బు దూరం నుంచి పంపవచ్చు, ప్రాణం కూడా ఒకరకంగా దూరం నుంచే ఇవ్వవచ్చు, సమానంగా పక్కన కూర్చోవడం మాత్రం దూరం నుంచి కుదరదన్నది అందులోని సారం. అదే కొలతను మనం మన సంఘాలకూ పెట్టుకోవాలి. తర్వాతి కాలంలో సువార్తికుడు భక్తసింగ్ ఆధ్వర్యంలో హైదరాబాదులోని హెబ్రోను మందిరంలో జరిగిన మహా కూటాల్లో, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు నేలమీద వరసగా కూర్చుని ప్రేమ విందు తినేవారు. ఒక్కపూట పంక్తితో కులం పోదు, నిజమే. కాని ప్రసంగం వినేటప్పుడు దాచుకోగలిగినదాన్ని పంక్తిలో దాచుకోలేం. సహవాసం వల్ల కులం చొరబడింది కాబట్టి సహవాసం వద్దనడం, అన్నం మాడింది కాబట్టి పొయ్యి వద్దనడంలాంటిది. పల్చటి సహవాసం కులాన్ని ముట్టనైనా ముట్టదు. ఆదివారం గంటన్నర పక్కపక్కన కూర్చుని ఎవరి వీధికి వాళ్ళు పోతే ఎవరి కులం వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటుంది.

ఇంకో భయం ఉంది, ముఖ్యంగా ఒకసారి దెబ్బతిన్నవాళ్ళకు. దగ్గరైతే గుట్టు బయటపడుతుంది. ప్రార్థన కోసమని చెప్పుకున్న కన్నీటి సంగతి వారం తిరక్కుండా పది ఇళ్ళకు పాకుతుంది. లేదా ఒక నాయకుడి చేతిలో అందరి రహస్యాలూ చేరి, అవే పగ్గాలవుతాయి. ఇది ఊహ కాదు, జరుగుతున్నదే. దీనికి మందు దూరం జరగడమని నేననుకోను. దగ్గరితనానికి ఒక నియమం ఉండాలి. జర్మనీలో హిట్లర్ పాలనకు లొంగని సంఘం కోసం డీట్రిష్ బోన్‌హాఫర్ 1935లో ఫింకెన్‌వాల్డెలో ఒక చిన్న వేదపాఠశాల నడిపాడు. 1937లో గెస్టపో దాన్ని మూసేసింది. అక్కడి జీవితాన్ని గురించి 1939లో అచ్చైన ఆయన చిన్న పుస్తకంలో రెండు సంగతులు మన సంఘాలకు ఇప్పుడే రాసినట్టుంటాయి. సహోదరుల గురించి తన కలను సహోదరుల కంటే ఎక్కువ ప్రేమించేవాడు సహవాసాన్ని పాడుచేస్తాడన్నది ఒకటి. పాపాన్ని ఒప్పుకోవాల్సింది సిలువ కింద నిలబడ్డ మరో మామూలు పాపి దగ్గర అన్నది రెండోది. అక్కడి విద్యార్థులకు పెట్టిన నియమం మరీ సూటైనది. ఎదుట లేని సహోదరుడి గురించి మాట్లాడకూడదు, మాట్లాడితే ఆ సంగతి అతనికి చెప్పాలి. ఈ ఒక్క నియమాన్ని ఒక ఇంటి కూటం ఆరునెలలు పాటించి చూస్తే చాలు, ఎవరికి ఎవరంటే భయమో, ఎందుకో తేలిపోతుంది. పగ్గాలు ఒకరి చేతిలోనే ఎందుకుంటున్నాయి? అందరూ ఆ ఒక్కడికి చెప్పుకుంటున్నారు, ఆ ఒక్కడు ఎవరికీ చెప్పుకోవడం లేదు. పత్రికల్లోని 'ఒకరినొకరు' అన్న మాటకు కాపరి కూడా లోబడితే పగ్గం ఎవరి చేతిలోనూ నిలవదు. అలా లోబడని కాపరి ఉన్న చోటునుంచి లేచి వెళ్ళిపోయినవాణ్ణి నేను తప్పుపట్టను. వేరే చోట మరో నలుగురిని వెతుక్కోమంటాను.

2020లో కోవిడ్ వల్ల మందిరాలు మూతపడ్డప్పుడు ఫోనులో ఆరాధన నేర్చుకున్నాం. అప్పుడది దేవుడిచ్చిన సాయమే. మంచం పట్టినవాళ్ళకు, దూరదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇప్పటికీ సాయమే. కాని మంచి ప్రసంగం ఇంట్లోకే వస్తున్నప్పుడు కూటానికి వెళ్ళడమెందుకన్న ప్రశ్న కూడా దాంతోనే వచ్చింది. ప్రసంగం వినడమే పనైతే నిజంగానే వెళ్ళక్కర్లేదు. తేడా ఏమిటంటే, తెర ముందు నేను లేకపోతే ఎవరికీ తెలియదు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే తెలుగు స్త్రీలను అడిగితే ఈ తేడా మనకంటే బాగా చెబుతారు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు ఆరాధనా శుక్రవారమే. వారమంతా పరాయి ఇంటి వంటగదిలో గడిపి, ఆ పూటకు బయటికి రాగలిగినామెకు పాట, ప్రసంగం ఫోనులోనూ దొరుకుతాయి. పోయినవారం ఎందుకు రాలేదక్కా అని అడిగే గొంతు అక్కడికి వెళ్తేనే దొరుకుతుంది. జీతం అందక, పాస్‌పోర్టు చేతిలో లేక చిక్కుకున్న మనిషికి ఆ ప్రశ్న పలకరింపుతో ఆగదు, ఆమె కనబడకపోతే వెతకడానికి ఒకరున్నారన్న ఆధారం అవుతుంది. వెస్లీ మనుషులు పెన్నీ కోసం తలుపు తట్టినట్టే ఇదీ.

పౌలు ఉత్తరాల్లో అన్నిటికంటే చిన్నవాటిలో ఒకటి ఫిలేమోనుకు రాసినది. పారిపోయి వచ్చిన దాసుడు ఒనేసిమును తిరిగి పంపుతూ, ఇతన్ని దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమని అడుగుతాడు. నన్ను పాలివాడిగా ఎంచితే నన్ను చేర్చుకున్నట్టే అతన్ని చేర్చుకో అంటాడు. అక్కడా గ్రీకులో సీమోను దోనె దగ్గరి మాటే. అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తానని తన చేత్తో రాసిస్తాడు. ఇది ఇద్దరి మధ్య గుట్టుగా చెప్పుకునే మాటలా ఉన్నా, పౌలు ఉత్తరాన్ని ఫిలేమోనుకు మాత్రమే రాయలేదు. అతని ఇంట్లో కూడే సంఘానికీ కలిపి రాశాడు. అంటే యజమానీ, తోటి విశ్వాసులూ, బహుశా అదే ఇంటి తక్కిన దాసులూ కలిసి కూర్చుని ఉండగా ఆ ఉత్తరం గట్టిగా చదివి ఉంటారు. గుమ్మం దగ్గర ఒనేసిము నిలబడి ఉంటాడు. బాకీ సంగతి వచ్చినప్పుడు అందరూ ఫిలేమోను ముఖం వైపు చూసి ఉంటారు. ఆ తర్వాత ఇంకో రెండు మాటలు మిగిలాయి. నాకు కూడా ఒక గది సిద్ధం చేసి ఉంచు, మీ ప్రార్థనల వల్ల మీ దగ్గరికి వస్తానని ఆశపడుతున్నాను అని.